తీరం దగ్గరి డాల్ఫిన్లు: ఎక్కడెక్కడ తిరుగుతాయి, ఎన్నేసి కలిసి తిరుగుతాయి?

డాల్ఫిన్ల గుంపుల మీద వచ్చిన ఉత్తరాలన్నిటికీ ఈసారి ఒకేచోట జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: తీరం దగ్గర డాల్ఫిన్లు అయిదారు కలిసి తిరుగుతాయని చదివాను. టీవీలో మాత్రం వందల కొద్దీ ఒక్కసారే నీళ్లలోంచి ఎగురుతుంటే చూపించారు. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మవచ్చు. అవి వేర్వేరు నీళ్లలోని డాల్ఫిన్లు, చాలాసార్లు వేర్వేరు జాతులు కూడా. అందరికీ బాగా తెలిసిన బాటిల్‌నోస్ డాల్ఫిన్‌నే తీసుకోండి. లోతు తక్కువైన తీరపు నీళ్లలో, నది కలిసే మొగల్లో అది ఎక్కువగా 2 నుంచి 15 దాకా ఉండే గుంపుల్లో కనిపిస్తుంది. అదే జాతి నడిసముద్రంలో పదుల్లో, ఒక్కోసారి వందల్లో కలిసి పోతుంది.

తేడా తిండి దగ్గర మొదలవుతుంది. తీరం దగ్గర చేపలు అక్కడక్కడా, కొద్దికొద్దిగా దొరుకుతాయి. ఒక డాల్ఫిన్ సముద్రపు గడ్డి మడిలో ఒంటరిగా వెతుక్కుంటే కడుపు నిండుతుంది, పదిమంది వస్తే పోటీ తప్ప లాభం లేదు. నడిసముద్రంలో తిండి పెద్ద పెద్ద చేపల మందల రూపంలో ఉంటుంది. మంద ఎక్కడుందో తెలియదు, దొరికితే మాత్రం అందరికీ సరిపోతుంది. పైగా సొరచేప ఎటునుంచి వస్తుందో తెలియని ఆ నీళ్లలో దాక్కోవడానికి చోటే ఉండదు. పక్కన ఇంకో డాల్ఫిన్ ఉండటమే రక్షణ.

పూర్తిగా తీరాన్నే నమ్ముకుని బతికే జాతుల్లో గుంపులు చిన్నవే. ఇరావడీ డాల్ఫిన్లు సాధారణంగా అరడజను దాటవు. న్యూజిలాండ్ తీరాన ఉండే హెక్టర్స్ డాల్ఫిన్లూ అంతే, రెండు నుంచి పది లోపు. హిందూ మహాసముద్రపు హంప్‌బ్యాక్ డాల్ఫిన్ 25 మీటర్ల లోపు నీళ్లను వదిలి లోతుకు పోవడం అరుదు. దాని గుంపులు కూడా చాలాచోట్ల పదికి లోపే, పెద్దవి అప్పుడప్పుడు కనిపిస్తాయి.

ఒడ్డుకు దగ్గరగా కనిపించిన ప్రతిదీ తీరపు డాల్ఫిన్ కాదు. హవాయి దీవుల స్పిన్నర్ డాల్ఫిన్లు పగలు ఇసుక అడుగున్న, లోతు తక్కువైన అఖాతాల్లోకి వచ్చి విశ్రాంతి తీసుకుంటాయి, చీకటి పడగానే లోతైన నీళ్లకు వేటకు పోతాయి. న్యూజిలాండ్‌లో కైకోరా దగ్గరి డస్కీ డాల్ఫిన్లదీ అదే వరస. పగలు అక్కడ వందల గుంపు చూసి ఆ తీరంలో అంత తిండి ఉందనుకుంటే పొరపాటు. అక్కడ వాటికి ఉన్నది పడక, వంటిల్లు వేరేచోట.

ప్రశ్న: ఇంతకీ గుంపు అంటే ఏమిటి? ఒకచోట మూడు, రెండు వందల మీటర్ల అవతల ఇంకో రెండు ఉంటే అది ఒక గుంపా, రెండా?

జవాబు: డాల్ఫిన్ల గురించి మాట్లాడేవాళ్లు మొట్టమొదట తేల్చుకోవలసిన మాట ఇదే. ఇది తేలకుండా చెప్పిన ఏ సగటుకూ అర్థం ఉండదు.

వాడుకలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది పది మీటర్ల గొలుసు. ఒక డాల్ఫిన్‌కు పది మీటర్ల లోపు ఇంకొకటి ఉంటే రెండూ ఒకే గుంపు, ఆ రెండోదానికి పది మీటర్ల లోపు మూడోది ఉంటే అదీ అదే గుంపు. అలా గొలుసు ఎంత దూరం సాగితే గుంపు అంత. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో పనిచేసేవాళ్లు దీన్ని స్థిరపరిచారు. రెండోది, సుమారు 100 మీటర్ల పరిధిలో ఉండి, ఒకే దిక్కుకు పోతూ, ఒకే పని చేస్తున్నవాటిని గుంపు అనుకోవడం. మీరు అడిగిన అయిదింటిని రెండు పద్ధతులూ రెండు గుంపులుగానే లెక్కవేస్తాయి. మధ్య దూరం 60 మీటర్లే అయి, అన్నీ ఒకే దిక్కుకు పోతుంటే మాత్రం మొదటి పద్ధతిలో 3, 2 అని రెండు గుంపులు, రెండో పద్ధతిలో 5 ఉన్న ఒకే గుంపు. డాల్ఫిన్లు అవే, సముద్రం అదే, సగటు రెట్టింపు! రెండు ప్రాంతాల గుంపులను పోల్చేముందు రెండుచోట్లా నిర్వచనం ఒకటేనా అని చూడండి. కాకపోతే పోల్చకండి.

మన కంటికి వేరుగా కనిపించినవి వాటి లెక్కలో వేరు కాకపోవచ్చు. నీళ్లలో ఈల చాలా దూరం వినిపిస్తుంది. ప్రతి బాటిల్‌నోస్ డాల్ఫిన్‌కూ పేరు లాంటి తనదైన ఈల ఒకటి ఉంటుంది. విడిగా మేస్తున్న రెండు గుంపులు ఆ ఈలలతో ఒకదానికొకటి అందుబాటులోనే ఉండవచ్చు. కాబట్టి ‘గుంపు’ అనేది మన కొలతకు కావలసిన గీత అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇంకో చిక్కు, గుంపు నిలకడగా ఉండదు. ఉదయం నాలుగు కలిసి ఉన్నవి గంటలో రెండేసిగా విడిపోతాయి, మధ్యాహ్నానికి వేరేవాటితో కలుస్తాయి. తల్లీపిల్లా మాత్రం మూడు నాలుగేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం విడవవు. షార్క్ బేలో మగవి రెండు మూడు జట్టుగా ఏళ్ల తరబడి కలిసి తిరుగుతాయి. ఈ విడిపోయి కలిసే అలవాటుకు మినహాయింపు లాంటిది న్యూజిలాండ్‌లోని డౌట్‌ఫుల్ సౌండ్. ఆ చల్లని ఇరుకు సముద్రపు పాయలో అరవై పై చిలుకు బాటిల్‌నోస్ డాల్ఫిన్లు పెద్ద గుంపుల్లో, ఏళ్ల తరబడి సాగే స్నేహాలతో ఉంటాయని గమనించారు. ఒకే జాతి అయినంత మాత్రాన ఒకే సంసారం ఉంటుందనుకోకూడదు.

ప్రశ్న: మేం అయిదు గుంపులు చూశాం: 2, 3, 4, 6, 25. సగటు 8 వచ్చింది. కానీ మేం 8 ఉన్న గుంపును ఒక్కసారీ చూడలేదు. లెక్క తప్పా?

జవాబు: కూడిక తప్పు కాదు. ఇలాంటి లెక్కలకు ఒక్క సగటు సరిపోదు, అంతే. ఒక్క పెద్ద గుంపు సగటును ఎత్తేస్తుంది. మధ్యస్థ విలువ 4 అని కూడా పక్కనే రాయండి. మామూలుగా ఎంత గుంపు కనిపిస్తుందనడానికి అది దగ్గరి జవాబు.

మూడో లెక్క ఒకటుంది, మాకు చాలా ఇష్టమైనది. గుంపుల వైపు నుంచి కాకుండా డాల్ఫిన్ వైపు నుంచి చూడండి. మీరు చూసిన 40 డాల్ఫిన్లలో 25 పెద్ద గుంపులోనే ఉన్నాయి. ఒక డాల్ఫిన్ సగటున ఎంత గుంపులో బతుకుతోందో తెలియాలంటే ప్రతి గుంపు సంఖ్యనూ దానితోనే హెచ్చవేసి, అన్నిటినీ కూడి, మొత్తం డాల్ఫిన్లతో భాగించాలి. 4, 9, 16, 36, 625 కలిపితే 690. దాన్ని 40తో భాగిస్తే 17 పైచిలుకు. గుంపుల సగటు 8, డాల్ఫిన్ అనుభవం 17! రోగం ఎలా పాకుతుంది, ఒక వల పడితే ఎన్ని చిక్కుకుంటాయి అనే ప్రశ్నలకు ఈ రెండో సంఖ్యే పనికొస్తుంది.

ప్రశ్న: పడవ మీద నుంచి లెక్కించే పద్ధతి దశలవారీగా చెప్పండి. మేం నలుగురు విద్యార్థులం.

జవాబు: నలుగురుంటే చక్కగా సరిపోతుంది. ఇద్దరు ఎడమ కుడి వైపులు చూడాలి, ఒకరు రాయాలి, ఒకరు విశ్రాంతి తీసుకోవాలి. అరగంటకోసారి చోట్లు మారండి. అలసిన కన్ను దగ్గరున్న డాల్ఫిన్‌నే వదిలేస్తుంది.

బయలుదేరే ముందే పటం మీద గీతలు గీసుకోండి. ఒడ్డుకు సమాంతరంగా కాకుండా ఒడ్డు నుంచి లోతుకు, మళ్లీ ఒడ్డుకు వంకరటింకరగా వెళ్లేలా ఉండాలి. ఒడ్డు వెంబడే పోతే ఒకే లోతును పదే పదే చూసినట్టవుతుంది. వేగం గంటకు 15 కిలోమీటర్ల దగ్గర నిలకడగా ఉంచండి. సముద్రం మీద అక్కడక్కడా తెల్ల నురుగు మొదలైందంటే గాలి జోరును చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో 3 వచ్చినట్టు. అంతకు మించితే ఆపేయండి. నురుగులో వీపు రెక్క కలిసిపోతుంది. చిన్న గుంపులే ముందు తప్పిపోతాయి కాబట్టి, గాలి రోజున ‘గుంపులు తక్కువ, ఉన్నవి పెద్దవి’ అని లేని సంగతి పుడుతుంది.

గుంపు కనపడగానే, పడవ తిప్పక ముందే మూడు సంగతులు రాయాలి: సమయమూ జీపీఎస్ స్థానమూ, గుంపుకు ఉన్న దూరం, పడవ పోతున్న గీతకు అది ఉన్న కోణం. దూరాన్ని ఆ కోణపు సైన్‌తో హెచ్చవేస్తే గీత నుంచి గుంపు అడ్డదూరం వస్తుంది. 400 మీటర్ల దూరాన 30 డిగ్రీల కోణంలో కనిపిస్తే అడ్డదూరం 200 మీటర్లు. గీత నుంచి దూరం పోయేకొద్దీ ఎన్ని గుంపులు కంటికి దొరకడం లేదో ఈ అడ్డదూరాలే చెబుతాయి. నమ్మదగిన లెక్కకు కనీసం 60 నుంచి 80 గుంపులు కావాలి. ఒక్క వారాంతంలో రావు, ఓపిక పట్టండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, డాల్ఫిన్లు పడవ దగ్గరకు వచ్చాక దూరం రాయడం. పడవ ముందు అలలో ఈదడం వాటికి సరదా. 300 మీటర్ల అవతల ఉన్నవి నిమిషంలో పక్కకు వచ్చేస్తాయి. అప్పుడు రాస్తే గీత మీదే ఎక్కువ ఉన్నట్టు తేలి, మొత్తం సంఖ్య ఉన్నదానికంటే పెరుగుతుంది. అందుకే చూపు దూరంగా, పడవకు ముందువైపు ఉండాలి.

తరవాత నెమ్మదిగా దగ్గరకు వెళ్లి లెక్కించండి. ఏ క్షణంలోనూ అన్నీ పైన ఉండవు. తీరపు బాటిల్‌నోస్ సాధారణంగా అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా మునిగి ఉంటుంది. ఒక్కసారి చూసి లెక్కిస్తే సగమే దొరకవచ్చు. పది పదిహేను నిమిషాలు ఉండి, ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మూడేసి అంకెలు రాయాలి: తప్పకుండా ఉన్నవి ఎన్ని, అత్యధికంగా ఎన్ని ఉండవచ్చు, మీ ఉద్దేశంలో ఎన్ని. పిల్లల్ని విడిగా రాయండి. పుట్టి కొద్ది వారాలే అయినవాటి పక్కల మీద గర్భంలో మడతపడి ఉన్నందువల్ల వచ్చిన లేత గీతలు కనిపిస్తాయి. పిల్లలున్న గుంపులు చాలాచోట్ల మిగతావాటికంటే పెద్దవిగా ఉంటాయి. వాటిని కలిపేస్తే ఆ తేడా కనపడకుండా పోతుంది.

గుంపు దొరకని రోజును కూడా రాయండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, సముద్రం ఎలా ఉంది, సున్నా. ఆ సున్నా లేకపోతే మిగతా అంకెలు పనికిరావు.

ప్రశ్న: మా దగ్గర చూసిన గుంపులన్నిటినీ పటం మీద చుక్కలుగా పెట్టాం. చుక్కలు రేవు దగ్గరే కిక్కిరిశాయి. డాల్ఫిన్లకు రేవంటే ఇష్టమా?

జవాబు: రేవంటే ఇష్టం మీ పడవకు కావచ్చు! ప్రతి ప్రయాణం రేవులోనే మొదలై రేవులోనే ముగుస్తుంది గనక అక్కడ ఎక్కువసేపు చూశారు. ప్రాంతాన్ని ఒక కిలోమీటరు గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో చూసిన గుంపుల సంఖ్యను ఆ గడిలో తిరిగిన కిలోమీటర్లతో భాగించండి. రేవు దగ్గర 120 కిలోమీటర్లకు 12 గుంపులు, మొగ దగ్గర 30 కిలోమీటర్లకు 6 గుంపులు చూశారనుకోండి. చుక్కల పటంలో రేవుదే పైచేయి. నిజానికి రేవులో కిలోమీటరుకు 0.1, మొగలో 0.2. మొగలో రెట్టింపు ఉన్నాయి. ఒకటి రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగిన గడులను ఖాళీ అని రంగు వేయకుండా ‘చూడలేదు’ అని వదిలేయండి.

ప్రశ్న: ఏడాది పొడుగునా ఒకే మలుపు దగ్గర డాల్ఫిన్లు ఎందుకు తచ్చాడుతుంటాయి?

జవాబు: అక్కడ నీళ్లు చేపల్ని ఒకచోటికి తోస్తూ ఉంటాయి. పోటు పాటుల వేళ ఇరుకు కాలువలో నీరు ఉరికినప్పుడు చేప ఆ దారినే రావాలి. నేల ఒక్కసారిగా దిగే అంచు ఉంటే చేపను దానికేసి అదిమి పట్టడం తేలిక. స్కాట్లాండ్‌లోని మోరే ఫర్త్‌లో బాటిల్‌నోస్ డాల్ఫిన్లు లోతైన ఇరుకు ముఖద్వారాల్లోనే ఎక్కువ కనిపిస్తాయి. నదుల్లోకి ఎక్కే సాల్మన్ చేపలకు వేరే దారి లేదు మరి. బ్రెజిల్‌లోని లగూనాలో అలాంటి కాలువ దగ్గరే డాల్ఫిన్లు చేపల్ని ఒడ్డుకేసి తోలితే, జాలర్లు వాటి కదలిక చూసి విసురు వల వేస్తారు.

తిండి ఒక్కటే చూస్తే జవాబు సగమే. షార్క్ బేలో సముద్రపు గడ్డి పెరిగే, లోతు తక్కువైన మేటల మీద చేప ఎక్కువ. కానీ వెచ్చని నెలల్లో పులి సొరలు వస్తాయి, అవీ ఆ మేటల మీదే తిరుగుతాయి. ఆ నెలల్లో డాల్ఫిన్లు తిండి తక్కువైనా లోతైన నీళ్ల వైపు జరుగుతాయి. సొరలు తగ్గిన చలి నెలల్లో మళ్లీ మేటల మీదికి వస్తాయి. ఒక్క కాలంలో మాత్రమే చూసి ‘ఇదీ వాటి చోటు’ అని రాస్తే తప్పుతుంది. కనీసం ఒక ఏడాది అన్ని కాలాల్లోనూ, పోటులోనూ పాటులోనూ చూడాలి.

ప్రశ్న: రెక్క ఫొటోలతో మొత్తం ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

జవాబు: వీపు రెక్క వెనక అంచున పడే గంట్లు, కోతలు మానవు, ఏళ్ల తరబడి ఉంటాయి. అవే గుర్తు. చర్మం మీద పంటి గీతలు నెలల్లో మాసిపోతాయి, వాటిని మాత్రమే నమ్మవద్దు. 1970లలో అర్జెంటీనా తీరంలో బెర్న్ద్ వుర్సిగ్, మెలనీ వుర్సిగ్ ఈ పద్ధతితోనే బాటిల్‌నోస్ గుంపుల్లో ఎవరెవరు కలుస్తున్నారో చూపించారు. ఫ్లారిడాలోని సరసోటా బేలో 1970లో మొదలైన పరిశీలన ఈనాటికీ సాగుతోంది, అక్కడ కొన్ని కుటుంబాల తరాలన్నీ తెలుసు.

కెమెరాకు 300 నుంచి 400 మిల్లీమీటర్ల లెన్స్, సెకనులో వెయ్యో వంతు లేదా అంతకన్నా వేగం ఉండాలి. ఎండ మీ వీపుకు తగలాలి. రెక్క మీకు అడ్డంగా ఉన్నప్పుడే నొక్కండి. ఏటవాలుగా తీస్తే గంటు కనపడదు. అందంగా గంతులు వేసేదాన్నే తీస్తూ పోకండి, అందినదాన్నల్లా తీయండి.

లెక్క ఇలా. మొదటి విడతలో 30 గుర్తున్న డాల్ఫిన్లు దొరికాయి, రెండో విడతలో 32 దొరికాయి, వాటిలో 20 పాతవే. మొదటి రెండు అంకెలకు ఒక్కొక్కటి కలిపి హెచ్చవేయండి, 31 ఇంటూ 33, అంటే 1023. దాన్ని పాతవాటికి ఒకటి కలిపిన 21తో భాగించి, ఒకటి తీసేయండి. 47.7, అంటే సుమారు 48. ఇవి గుర్తున్నవి మాత్రమే. మంచి ఫొటోలు 200 తీస్తే వాటిలో 140 రెక్కలకే గంట్లున్నాయంటే 70 శాతం. 47.7ని 0.7తో భాగిస్తే మొత్తం సుమారు 68.

మసక ఫొటోల వల్ల మూడు పాతవాటిని కొత్తవని పొరబడ్డారనుకోండి. 20 కాస్తా 17 అవుతుంది. అప్పుడు గుర్తున్నవి 56, మొత్తం 80. మూడు ఫొటోల పొరపాటుకు పన్నెండు లేని డాల్ఫిన్లు పుట్టుకొచ్చాయి. సంఖ్య తగ్గిపోతున్న చోట ఇలాంటి పొరపాటు ప్రమాదకరం, అంతా బాగానే ఉందనిపిస్తుంది. అందుకే మసకవి ఎంత ముచ్చటగా ఉన్నా ముందే తీసేయండి. ఒకరు తేల్చింది ఇంకొకరికి తెలియకుండా ఇద్దరు విడివిడిగా సరిపోల్చాలి. రెండు విడతల మధ్య కొద్ది వారాలే ఉండాలి, నెలలు గడిస్తే పుట్టుకలూ చావులూ వలసలూ లెక్కను చెడగొడతాయి.

ప్రశ్న: డ్రోన్ ఉంటే ఇంత కష్టం ఎందుకు?

జవాబు: నీళ్లు తేటగా ఉంటే గుంపు లెక్కకు డ్రోన్ చాలా మంచిది. మునిగి ఉన్నవీ కనిపిస్తాయి, తల్లి పక్కన పిల్ల స్పష్టంగా దొరుకుతుంది. మొగ దగ్గరి బురద నీళ్లలో మాత్రం పైకి వచ్చినదే కనపడుతుంది. బ్యాటరీ ఒక అరగంటకు మించదు గనక విశాలమైన తీరాన్ని వెతకడానికి పడవే నయం. రాత్రి వేళకు నీటి అడుగున పెట్టే శబ్ద పరికరాలు ఉన్నాయి. డాల్ఫిన్ల క్లిక్‌లను నెలల తరబడి నమోదు చేస్తాయి. అవి ‘వచ్చాయా, లేదా’ అన్నది చెబుతాయి, ‘ఎన్ని’ అన్నది చెప్పలేవు. ఒక్క డాల్ఫిన్ వేటాడుతున్నప్పుడు చేసే శబ్దం మౌనంగా పోయే పదింటికంటే ఎక్కువ.

ప్రశ్న: చూడటానికి పడవల్లో వెళ్తే వాటికి ఇబ్బందా? గుంపు చెదిరిపోతుందా?

జవాబు: ఇబ్బందే, అదీ వెంటనే కనపడని ఇబ్బంది. షార్క్ బేలో సందర్శకుల పడవలు నడిపేవాళ్లు ఇద్దరైన కాలంలో ఆ భాగంలో డాల్ఫిన్ల సాంద్రత సుమారు 15 శాతం తగ్గింది, పడవలు వెళ్లని పక్క భాగంలో తగ్గలేదు. పడవను ఓర్చుకోలేనివి అక్కణ్నుంచి తప్పుకుంటే, ఓర్చుకునేవే మిగులుతాయి. మిగిలినవాటిని చూసి ‘వీటికి అలవాటైపోయింది’ అనుకుంటాం. హవాయిలో పగటి నిద్ర చెడుతోందని 2021 నుంచి స్పిన్నర్ డాల్ఫిన్లకు 50 గజాల లోపు వెళ్లడాన్ని నిషేధించారు.

మీరు వెళ్తే పక్కనుంచి, అవి పోయే దిక్కుకు సమాంతరంగా, వాటి వేగానికి మించకుండా పోవాలి. ఎదురు వెళ్లకూడదు, వెనక తరమకూడదు, గుంపు మధ్యలోంచి అసలు పోకూడదు. తల్లీపిల్లా విడిపోయేది అక్కడే. అవి మాటిమాటికీ దిక్కు మార్చడం, ఒకదానికొకటి దగ్గరగా ముడుచుకోవడం, ఎక్కువసేపు మునిగి దూరంగా తేలడం మొదలుపెడితే ఇక చాలని అర్థం. వేగం పెంచకుండా పక్కకు తప్పుకుని, 300 మీటర్లు దాటాకే ఇంజను జోరు పెంచండి. లెక్క సగంలో ఉన్నా సరే. నోటు పుస్తకంలో ‘కలత పడ్డాయి, వదిలేశాం’ అని సమయంతో రాసుకోండి. ఆ గుంపు సంఖ్యను సగటులో కలపకండి.